రెండు చేతుల నాడి

రోగి పురుషుడైతే కుడిచేతి మణికట్టు, స్త్రీ అయితే ఎడమచేతి మణికట్టు పట్టి నాడి చూడడం మన వైద్యుల చిరకాల సంప్రదాయం. చరక, సుశ్రుత సంహితలలో ఈ పరీక్ష కానరాదు. దీనిని స్పష్టంగా వివరించిన తొలి ఆయుర్వేద గ్రంథాలలో శార్ఙ్గధర సంహిత ముఖ్యమైనది. తెలుగునాట బసవరాజు రచించిన బసవరాజీయంలో ఆరంభంలోనే నాడీపరీక్ష ఉన్నది. వాతనాడి జలగవలె, పామువలె నడుస్తుందనీ, పిత్తనాడి కాకివలె, కప్పవలె గంతులు వేస్తుందనీ, కఫనాడి హంసవలె మెల్లగా సాగుతుందనీ శార్ఙ్గధరుడు చెప్పినాడు. వీనిని కేవలం కవి కల్పనలని త్రోసివేయరాదు. సెకండ్ల ముల్లు లేని కాలంలో వేలికి తోచిన లయను శిష్యునికి తెలుపడానికి ఇంతకన్న మంచి భాష ఏమున్నది?

కాని ఒక్క చేయి చూస్తే చాలునా?

మా మాచర్లకు చేరువలో ఉన్న నాగార్జునసాగర్ నుండి 1967లో కుడి, ఎడమ కాలువలకు నీరు వదిలినారు. జలాశయంలో నీటిమట్టం పడిపోతే రెండు కాలువలూ చిక్కిపోతాయి. ఒక కాలువలో పూడిక పడితేనో, ఆ కాలువ క్రింది పొలాలే ఎండుతాయి. శరీరంలోనూ ఇంతే. గుండె ఒక్కటే కనుక లయ తప్పితే రెండు మణికట్టులలోనూ తప్పుతుంది. ఒక చేతి నాడి మాత్రమే బలహీనంగానో, ఆలస్యంగానో తగిలితే అనుమానించవలసినది గుండె లయను కాదు, ఆ చేతికి పోయే ధమనిని. కుడిచేతి ధమని, తలకు పోయే మరొక ధమనితో కలిసి ఒకే కాండంగా బయలుదేరుతుంది. ఎడమచేతి ధమని బృహద్ధమని నుండి నేరుగా చీలుతుంది. అందుచేత ఒకదానికి వచ్చిన అడ్డు రెండవదానికి రాకపోవచ్చును.

విలియం హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపించిన గ్రంథంలో ఇటువంటి రోగిని పేర్కొన్నాడు. ఆ మనిషి మెడకు కుడిప్రక్క ధమని ఉబ్బి, కొట్టుకునే గడ్డగా పెరిగింది. ఆ వైపు చేతిలో నాడి సన్నగిల్లింది. రక్తం గడ్డలోనికి మళ్ళుతున్నదని హార్వే ఊహించినాడు. 1908లో జపాను నేత్రవైద్యుడు తకయాసు ఒక యువతి కంటిపొరలోని రక్తనాళాలు వింతగా పెనవేసుకొని ఉన్నవని తెలిపినాడు. అటువంటి రోగులకే మణికట్టు నాడి అందడంలేదని మరి ఇద్దరు వైద్యులు చెప్పినారు. దానికి తరువాత ‘నాడిలేని జబ్బు’ అని పేరు వచ్చింది. ధమనుల గోడలు వాచి దారి ఇరుకు కావడమే దీనికి మూలం. ఇది ఎక్కువగా యువతులకు వస్తుంది. ఎడమచేతి ధమనిని తరచు పట్టుతుంది. అటువంటి స్త్రీకి ఎడమచేయి మాత్రమే చూచిన వైద్యునికి ప్రాణమే లేదనిపించవచ్చును. కుడిచేయి మాత్రమే చూస్తే జబ్బే లేదనిపించవచ్చును!

అయితే ప్రతి తేడా జబ్బు కాదు. కొందరికి పుట్టుకతోనే మణికట్టు ధమని ప్రక్కదారిన పోతుంది. అందుచేత ఇప్పుడు రెండు చేతులలోనూ రక్తపీడనం కొలుస్తారు. పై పీడనంలో తేడా 15 మిల్లీమీటర్ల పాదరసం, అంతకు మించి ఉంటే రక్తనాళాల జబ్బుతో సంబంధమున్నదని 2012లో ప్రచురితమైన ఒక పరిశీలన చూపినది. ఛాతీలోనో, వీపులోనో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చి ఒక చేతి నాడి కుంగితే మాత్రం కొలతలతో జాప్యం చేయరాదు. బృహద్ధమని గోడ పొరలు చీలి ఉండవచ్చును. వెంటనే పెద్ద ఆసుపత్రికి తరలించాలి.

ఇక లయ సంగతి. ఆగి ఆగి నడిచే నాడి ప్రాణం తీస్తుందని శార్ఙ్గధరుడు హెచ్చరించినాడు. ఐరోపా వైద్యులూ చాలాకాలం ఇట్లే భయపడినారు. ఇంగ్లండులోని బర్న్‌లీ పట్టణంలో సామాన్య వైద్యుడైన జేమ్స్ మెకంజీ ఈ భయాన్ని పరీక్షకు పెట్టినాడు. మణికట్టు నాడినీ, మెడలోని సిర కదలికనూ ఒకే కాగితంపై గీసే యంత్రాన్ని తయారుచేసి, రోగులను ఏండ్ల తరబడి వెన్నంటి చూచినాడు. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పే వారిలో చాలమంది సుఖంగా బ్రతికినారు. 1902లో ఆయన నాడీ గ్రంథం వెలువడింది. ఏ క్రమమూ లేక ఎగుడుదిగుడుగా కొట్టుకునే నాడి మాత్రం వేరు జాతిది. గుండె పై గదులు సంకోచించక వణుకుతూ ఉండడమే దీనికి కారణమని 1909లో థామస్ లూయిస్ హృదయ విద్యుల్లేఖనంతో చూపినాడు. ఆ వణుకులో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

దీనిని కనిపెట్టడానికి ఇద్దరు మనుషులు, ఒక స్టెతస్కోపు, ఒక గడియారం చాలును. ఒకరు ఛాతీపై, మరొకరు మణికట్టున, ఒకే నిమిషం లెక్కపెట్టాలి. మామూలు గుండెకు రెండు లెక్కలూ సమానం. పై గదులు వణికే గుండెలో కొన్ని దెబ్బలు మరీ బలహీనమై చేతిదాకా రావు. మణికట్టు లెక్క తగ్గుతుంది.