గుంజాల లిపి – నాలుగవ బైటు

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలంలో గుంజాల అను గోండు గ్రామం ఉన్నది. గోండీ భాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన ప్రతులు సుమారు డజను ఇచట లభించినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వాన హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు వీటిని లోకానికి పరిచయం చేసినారు. 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11వ సంచికలో ఈ లిపికి చెందిన 63 సంకేతాలకు చోటు దొరికినది. అయితే అక్షరానికి సంఖ్య లభించినంత మాత్రాన అది సర్వరులో భద్రంగా నిలుచునా? ఇందుకు సమాధానం కావలెనంటే కొంత వెనుకటి చరిత్ర తెలిసికోవాలి.

కంప్యూటరు అక్షరాన్ని సంఖ్యగానే ఎరుగును. యూనికోడ్‌లో తెలుగు లిపికి 3072 మొదలు 3199 వరకు గల సంఖ్యలు కేటాయింపబడినవి. ‘క’ సంఖ్య 3093. గుంజాల గోండీకి కేటాయించినవి 73056 మొదలు 73135 వరకు గలవి. సంఖ్యలను బైట్లుగా వ్రాసే పద్ధతులలో యూటీఎఫ్-8 ముఖ్యమైనది. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను ఇద్దరు అమెరికాలోని న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చుండి, బల్లమీది కాగితంపై దీనికి రూపకల్పన చేసినారు. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. తెలుగు సంకేతానికి మూడు కావాలి. ‘క’ 224, 176, 149 అగును. మూడు బైట్లతో 65535 వరకే వ్రాయవచ్చును. గోండీ ‘అ’ సంఖ్య 73056 ఈ హద్దును దాటినది. కనుక దానికి నాలుగు బైట్లు అవసరం: 240, 145, 181, 160.

ఎవరైనను చదివి సవరించుటకు వీలుగా మూలక్రమాన్ని బహిరంగంగా ఉంచిన సర్వరు సాఫ్ట్‌వేర్లలో మై ఎస్‌క్యూఎల్ ప్రసిద్ధమైనది. సమాచారాన్ని పట్టికలుగా భద్రపరచుట దీని పని. 2004లో స్థిరపడిన దీని 4.1 సంచికలో ‘యూటీఎఫ్8’ అను పేరుతో ఒక ఏర్పాటు చేసినారు. కాని అక్షరానికి మూడు బైట్లే పరిమితిగా పెట్టినారు. స్థిరమైన వెడల్పు గల గడులలో ప్రతి అక్షరానికి గరిష్ఠ స్థలం కేటాయింపవలెను. పరిమితి తగ్గితే స్థలం కలిసివచ్చును. తెలుగు, హిందీ, తమిళ లిపులు మూడు బైట్లలోనే ఇముడును. కనుక వీటిని మాత్రమే వాడేవారికి ఈ లోపం కనబడదు.

నాలుగు బైట్ల అక్షరం వచ్చినపుడే చిక్కు. కఠిన నియమం విధింపని సర్వరు, వాక్యాన్ని ఆ అక్షరం వద్దనే తెంచివేసి, ఒక హెచ్చరికతో సరిపెట్టును. తెలుగు వ్యాసం నడుమ ఒక్క గోండీ అక్షరం వచ్చినను, దాని వెనుకనున్న తెలుగు కూడ మాయమగును. చూచేవారు అక్షరరూపాల ఫాంటును అనుమానింతురు. దోషం మాత్రం పట్టికలో ఉండును.

2010లో 5.5.3 సంచికతో ‘యూటీఎఫ్8 ఎంబీ4’ అను నాలుగు బైట్ల ఏర్పాటు వచ్చినది. దానితో మరొక ఇబ్బంది తలెత్తినది. పట్టికలో వేగంగా వెదకుటకు సూచిక ఉండును. సూచికలోని ఒక్కొక్క గడికి ఆనాడు సాధారణంగా 767 బైట్లే హద్దు. 255 అక్షరాల గడికి మూడేసి బైట్లయితే 765, అది ఇమిడినది. నాలుగేసి అయితే 1020, అది ఇమడలేదు. అందుచేత అనేకులు గడిని 191 అక్షరాలకు కుదించినారు. 191ని నాలుగుతో హెచ్చించిన 764 అగును. 2015లో వచ్చిన 5.7 సంచికలో ఈ హద్దు మామూలుగానే 3072 బైట్లకు పెరిగినది. అర్థంకాని అక్షరాన్ని తెంచివేయక, తప్పిదమని తిరస్కరించే కఠిన నియమం కూడ అందులో సహజమైనది. 2018 ఏప్రిల్‌లో 8.0 సంచిక నాలుగు బైట్లనే సహజ ఏర్పాటుగా స్వీకరించినది. గోండీ యూనికోడ్‌లో చేరినది ఆ తరువాత రెండు నెలలకే.

సంచిక మారినంత మాత్రాన పాత పట్టికలు మారవు. కనుక లోపం వెదకేవారు మూడు చోట్ల పరీక్షింపవలెను: పట్టిక, సూచిక, సర్వరుతో మాట్లాడే సంబంధం. పట్టిక సరిగా ఉండి సంబంధం పాతదైతే అక్షరానికి బదులు ప్రశ్నార్థకం కనబడును. పట్టికలో నిక్షేపించిన అక్షరం అప్పటికి క్షేమమే. పట్టిక తెంచివేసిన వాక్యం మాత్రం తిరిగి రాదు.

‘మూడు చాలును’ అని ఒకనాడు గీచిన గీత, గుంజాల ప్రతులలోని లిపిని వెలుపల నిలిపినది. బైట్లు మిగుల్చుకొనుటకు ముందు, ఎవరి అక్షరాలు మిగిలిపోవునో లెక్కించుట కూడ యంత్రశాస్త్రంలో భాగమే.