నారికురుపు నిర్మూలన (భారతదేశం)

నారికురుపు తాగునీటి ద్వారా సోకే పరాన్నజీవి వ్యాధి. కుళాయి నీళ్లున్న పట్టణాలు దీని బారిన పడలేదు. చెరువు, దిగుడుబావి తప్ప వేరే దిక్కులేని పల్లెల్లోని కూలీలు, చిన్న రైతులే దీనితో బాధపడ్డారు. పురుగు పిల్లలను మోసే సైక్లోప్స్ అనే సూక్ష్మ జలచరం నీటితోపాటు కడుపులోకి పోతుంది. సుమారు ఏడాదికి, మీటరు పొడవు దాకా పెరిగిన ఆడపురుగు ఎక్కువగా కాలి మీద పొక్కు చేసి బయటికొస్తుంది. మంటకు తాళలేక రోగి దిగుడుబావి మెట్లు దిగి కాలు నీళ్లలో పెడితే, పురుగు వేలాది పిల్లలను వదులుతుంది. ఊరంతా ఆ నీళ్లే తాగుతుంది. పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగాలి. తెగితే పుండు చీము పడుతుంది. పొలం పనుల రోజుల్లో మంచాన పడ్డవారికి కూలి దక్కేది కాదు.

చరిత్ర

ఈ జబ్బు దేశంలో శతాబ్దాలుగా ఉంది. సైక్లోప్స్ పాత్రను 1870లో రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ ఫెడ్చెన్కో కనుగొన్నాడు. అయినా దేశవ్యాప్త కార్యక్రమం రావడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది.

ఆ కార్యక్రమం 1983–84లో మొదలైంది. బాధ్యత ఢిల్లీలోని జాతీయ సాంక్రమిక వ్యాధుల సంస్థది.  ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ గాలించారు. 1984లో సుమారు 40,000 మంది రోగులు తేలారు. ఈ జబ్బుకు టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. అందువల్ల పని మొత్తం నీటి చుట్టూ నడిచింది. దిగుడుబావులను గట్టు కట్టి చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, నీళ్లలో సైక్లోప్స్‌ను చంపే టెమెఫాస్ మందు కలిపారు. నీళ్లను సన్నని గుడ్డతో వడకట్టడం ఇంటింటా నేర్పారు. రోజూ నీళ్లు మోసే ఆడవాళ్లు దాన్ని అలవాటు చేసుకోవడం ఈ కార్యక్రమానికి దక్కిన అసలు బలం. ఆరోగ్యశాఖ, గ్రామీణ నీటి సరఫరా శాఖ కలిసి పనిచేయడం ప్రశంసనీయం. ఆసుపత్రి గడప తొక్కలేని రోగిని ప్రభుత్వ సిబ్బందే వెతుక్కుంటూ వెళ్లారు.

చివరి దశలో కేసు తెలిపినవారికి నగదు బహుమతి ప్రకటించారు. ఆఖరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది.