పడుగు ఒకటే, పోగులు రెండు: ‘ఓర్దో’ ఆజ్ఞగా మారిన తీరు

ఒక మాటకు పది అర్థాలున్నా చిక్కేమీ రాదనీ, సందర్భమే కావలసిన అర్థాన్ని ముందుకు తెస్తుందనీ, మిగతావి వినేవాడి మనసుకే తట్టవనీ మిషెల్ బ్రెయాల్ 1897లో తన అర్థవిజ్ఞాన గ్రంథంలో తేల్చేశాడు. ఈ నానార్థ లక్షణానికి ‘పోలిసెమీ’ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ తీర్పును ఇప్పటికీ చాలామంది కదపరు. లాటిన్ ‘ఓర్దో’ యూరప్ భాషల్లో ఆజ్ఞార్థం సంపాదించుకున్న వైనం చూస్తే మాత్రం దాన్ని కదపక తప్పదు.

ఓర్దో అంటే వరుస. నిరుక్తకారులు దీన్ని ‘ఓర్దిరీ’ అనే మగ్గం మాటతో కలుపుతారు: పడుగు వేయడం, నేత మొదలుపెట్టడం. ఆ క్రియ రుమేనియన్‌లో ‘ఉర్జి’గా, స్పానిష్‌లో ‘ఉర్దిర్’గా, ఫ్రెంచిలో ‘ఊర్దిర్’గా బతికే ఉంది. మూడింట్లోనూ దానికి కుట్ర పన్నడం అనే అర్థం కూడా ఉంది. పోగుల వరుస రోమ్‌లో సైనికుల వరుస అయింది, సమాజపు అంతస్తు అయింది. కాలక్రమాన వరుసలో నిలబెట్టేవాడి నోటిమాటకూ అదే పేరు వచ్చింది.

క్రమం, ఆజ్ఞ ఒకే మాటలో ఇమిడాయా, విడిపోయాయా అని తేల్చడానికి ఒక్క పదబంధం చాలు: రోజుతో జోడించిన ‘ఓర్దో’. దానికి రెండు పనులు. సభ ముందున్న అంశాల పట్టిక ఒకటి, సేనాధిపతి ఆ రోజు దళాలకు వినిపించే ఉత్తరువు మరొకటి.

స్పానిష్‌లో ‘ఎల్ ఓర్దెన్ దెల్ దియా’ సభ ఎజెండా. ‘లా ఓర్దెన్ దెల్ దియా’ సైనిక ఉత్తరువు. మాటలో ఒక్క అక్షరం మారలేదు, లింగం మారింది. లాటిన్‌లో ఓర్దో పుంలింగం. స్పానిష్ క్రమాన్ని పుంలింగంలోనే ఉంచి ఆజ్ఞను స్త్రీలింగం చేసింది. రుమేనియన్ ఆ పనిని పదాంతంతో చేసింది: ‘ఓర్దినె దె జి’ ఎజెండా, ‘ఓర్దిన్ దె జి’ ఉత్తరువు. డచ్చి భాష రెండు రూపాలు అరువు తెచ్చుకుని సభకు ‘ఓర్డె’, సైన్యానికి ‘ఓర్డర్’ పంచింది. స్వీడిష్‌లోనూ ‘దాగ్‌ఓర్డ్‌నింగ్’ సభది, ‘దాగ్‌ఓర్డర్’ సైన్యానిది. జర్మన్ ఇంకా తెగించి ‘టాగెస్‌ఓర్డ్‌నుంగ్’ను సభకు ఉంచుకుని, సైన్యానికి ‘టాగెస్‌బెఫేల్’ అని సొంత మాట వాడుకుంది. రష్యన్‌లో ‘ఓర్దెన్’ ఛాతీమీది పతకం, ‘ఓర్దెర్’ అరెస్టు వారంటు. ఆజ్ఞకు ‘ప్రికాజ్’ అనే స్లావిక్ మాట ఉండనే ఉంది.

సందర్భమే అన్నీ తేల్చేస్తే ఇన్ని భాషలకు ఇంత శ్రమ ఎందుకు? సభామందిరంలో కూర్చున్నవాడు ఎజెండాను సైనిక ఉత్తరువని ఎన్నడూ పొరబడడు. అయినా కంచె కట్టారు. అదీ ఒకరిని చూసి ఒకరు కట్టినది కాదు: ఒకరిది లింగం, ఒకరిది పదాంతం, ఒకరిది అరువు, ఒకరిది సొంత మాట. సాధనాలు వేరైనా గీత పడిన చోటు ఒకటే.

ఫ్రెంచి, ఇటాలియన్, పోర్చుగీస్, ఇంగ్లీషు ఒకే మాటతో రెండు పనులూ నెట్టుకొస్తున్నాయన్నది నిజమే. బ్రెయాల్ చిక్కు అక్కడే ఉంది. జర్మన్ మాట్లాడే లాండౌలో 1832లో పుట్టినా, ఆయన సూత్రం అల్లింది ఫ్రెంచిలో. ఆ భాషలో ‘ఓర్ద్ర్ దు జూర్’ ఎజెండాకూ చెల్లుతుంది, సైనిక ఉత్తరువుకూ చెల్లుతుంది. తన కిటికీలోంచి కనబడిన దాన్నే ఆయన భాషాలోకం అనుకున్నాడు. పర్యాయపదాలు క్రమంగా అర్థాలు పంచుకుంటాయన్న సూత్రమూ ఆయనదే కానీ, అది ముందే రెండుగా ఉన్న మాటల సంగతి. ఒక్క మాటే రెండుగా చీలడానికి అది జవాబు కాదు.

ఆజ్ఞ తక్కిన అర్థాల్లాంటిది కాదు. అది విన్నవాడు లేచి నిలబడాలి. అందుకే అధికారం నోట పడిన మాటకు భాష తానుగా గుర్తు వేస్తుంది. ఇంగ్లీషు నుంచి ‘ఆర్డర్’ తెచ్చుకున్న తెలుగు కూడా ఊరుకోలేదు. నామవాచకాన్ని ముట్టుకోకుండా క్రియ దగ్గర గీత గీసింది: బిర్యానీకి ఆర్డర్ పెడతాం, బదిలీకి కలెక్టరు ఆర్డర్ వేస్తారు.