గేటు చీటీ వెనుక కథ: నల్లమలలో ఎవరు ఎవరికి పైసలు కట్టిన్రు?

 

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే తొవ్వల మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు వస్తది. బండి ఆపాలె, రుసుం కట్టాలె, చీటీ తీసుకోవాలె. చానా మంది ఆ చీటీని జేబులో పెట్టుకొని మర్చిపోతరు. కానీ దాని వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఈ అడవిలో ఎవరు ఎవరికి పైసలు కట్టాలె, ఎందుకు కట్టాలె, ఆ పైసలు ఎక్కడ ఖర్చు పెట్టాలె అని ఇన్నేండ్లు నిర్ణయించింది ఎవరు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల మనోళ్లకు ఈ ప్రశ్న ఇప్పుడు మళ్లీ ముందుకొచ్చింది. కృష్ణ ఒడ్డుకు, నల్లమలకు టూరిజం పేరు మీద కోట్ల రూపాయలు వస్తున్నయి. మేం హాస్టల్‌లో ఉండి చదువుకునేటోళ్లం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మాదే. చదివినంత, అర్థమైనంత రాస్తున్నం. జర పొడుగైంది, ఓపికతో చదవండి.

1. మొదటి రుసుం చెంచులకే దక్కింది

రోడ్లు లేని కాలంలో శ్రీశైలం పోవాలంటే అడవిలో నడిచే పోవాలె. శివరాత్రికి యాత్రికులు గుంపులు గుంపులుగా వచ్చేటోళ్లు. పులి భయం, దొంగల భయం, దారి తప్పుతమన్న భయం. వాళ్లకు దారి చూపింది చెంచులు. రాత్రిపూట కాపలా ఉన్నది చెంచులు. నడవలేని ముసలోళ్లను డోలీల మీద మోసింది కూడా చెంచులే. దానికి బదులుగా యాత్రికులు ఇంత గింజలో, ఇన్ని పైసలో ఇచ్చేటోళ్లు. చెంచులు మల్లన్నను తమ అల్లుడని చెప్పుకుంటరు. అల్లుడి ఇంటికి పోయే చుట్టాలను క్షేమంగా చేర్చడం వాళ్లకు పని మాత్రమే కాదు, మర్యాద కూడా.

అంటే నల్లమలలో మనకు తెలిసిన పాత రుసుం అడవి బిడ్డలకే దక్కింది. పని చేసిన్రు కాబట్టి ఇచ్చిన్రు. మన సుప్రీంకోర్టు 1954లో శిరూర్ మఠం కేసులో పన్నుకు, ఫీజుకు తేడా చెప్పింది గదా, ఆ తేడా ఇక్కడ సరిగ్గా సరిపోతది. పన్ను అందరి అవసరాల కోసం సర్కారు వసూలు చేసేది, దానికి బదులుగా కట్టినాయనకు ఫలానాది ఇస్తమన్న మాట ఉండదు. ఫీజు అట్ల కాదు, ఒక సేవ చేసినందుకు తీసుకునేది. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తది.

2. తర్వాత తిరగబడ్డది

అడవికి సర్కారు హద్దురాళ్లు పాతిన కాలం నుంచి లెక్క తిరగబడ్డది. పశువులు అడవిలో మేస్తే పుల్లరి కట్టాలె. కట్టెలకు పర్మిట్, కలపకు పర్మిట్. తరతరాలుగా అదే అడవిలో మేపుకుంటున్నోళ్లకు సర్కారు ఏ సేవ చేసిందని ఈ రుసుం? గడ్డి సర్కారు మొలిపించలేదు, వాన సర్కారు కురిపించలేదు. అందుకే కృష్ణకు అవతల పల్నాడులో 1921–22లో జనం తిరగబడ్డరు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టమని నిలబడి, 1922 ఫిబ్రవరి 22న పోలీసు కాల్పుల్లో చనిపోయిండు. ఇటు ఆదిలాబాద్ అడవుల్లో కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడైండు. రెండు తావుల్లో ఉన్న ప్రశ్న ఒక్కటే: మా అడవిలో మేం బతికినందుకు నీకెందుకు కట్టాలె?

మన మూడు జిల్లాల సంగతి ఇంకో తీరు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు. జటప్రోలు రాజులు తర్వాత కొల్లాపురం నుంచి ఏలిన్రు. ఈ రాజులు నిజాంకు ఏటా పేష్కష్ కట్టేటోళ్లు, మిగతాది తమ దగ్గర ఉంచుకునేటోళ్లు. ఆ పైసలు వచ్చేది రైతుల నుంచి, పశువుల కాపర్ల నుంచి, సంతకు సరుకు తెచ్చేటోళ్ల నుంచి. ఎంత వసూలు చెయ్యాలె అన్నది కోటలో తేలేది. పెంటలో, తండాలో ఎవరూ అడిగినోళ్లు లేరు. 1949లో జాగీర్లు రద్దయినంక రాజుల పాలన పోయింది. కానీ "పైన నిర్ణయం, కింద వసూలు" అన్న పద్ధతి మాత్రం పోలేదు.

మధ్యలో ఒక్క మంచి పని జరిగింది. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు 1940లో అమ్రాబాద్ పైపీఠభూమికి వచ్చి చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చేసిండు. ఆయన సలహా మీద నిజాం సర్కారు చెంచుల కోసం సుమారు లక్ష ఎకరాల అడవిని రిజర్వుగా పెట్టింది. ఆ అడవిలో చెంచుల బతుకే ముందు అని సర్కారు ఒప్పుకున్న కాలం అది.

ఆ తర్వాత అదే నేలకు వేరే పేర్లు వచ్చినయి. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం. 1983లో ప్రాజెక్టు టైగర్. రాష్ట్రం విడిపోయినంక 2015లో అమ్రాబాద్ టైగర్ రిజర్వు. దీని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ఏరియా. కోర్‌లో ఉన్న కుటుంబాలకు "బయటికి పోతే 15 లక్షలు" అన్న ప్యాకేజీ కూడా ఉంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర పూజారులు చెంచులే. కానీ జాతర ఎన్ని రోజులు, బండ్లు ఏ టైముకు వదలాలె అన్నది అటవీశాఖ చెప్తది.

పులిని కాపాడొద్దని మేం అంటలేం. పులి పక్కన బతికినోళ్లం మనమే. కానీ ఒకటి చూడండి. ఒకప్పుడు దారి చూపి రుసుం తీసుకున్నోళ్లు ఇప్పుడు గేటుకు లోపల ఉన్నరు, రుసుం పెట్టె గేటు దగ్గర ఉంది.

3. టూరిజం కోట్లు

ఇక లెక్కలకు వద్దాం.

2015–16లో కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు ఎకో సర్క్యూట్ మంజూరు చేసింది. సోమశిల, సింగోటం, అక్కమహాదేవి గుహలు, ఈగలపెంట, ఫర్హాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం ఇందులో ఉన్నయి. మొత్తం 91.62 కోట్లు. గద్వాల జిల్లాలో అలంపురం జోగులాంబ గుడికి ప్రసాద్ పథకం కింద ఇంకో 36 కోట్లకు పైగా వచ్చినయి. 2024 నవంబర్‌లో కేంద్రం దేశం మొత్తం మీద 40 టూరిజం ప్రాజెక్టులకు ఓకే చెప్తే, అందులో నల్లమల సోమశిల ఒకటి. దానికి 68.10 కోట్లు. ఇది గ్రాంటు కాదు, రాష్ట్రానికి 50 ఏండ్లకు వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు.

ఇక్కడ ఒక తారీఖు పక్కన ఇంకో తారీఖు పెట్టి చూడండి. మన సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుకు అయిపోయింది. ఎంపీటీసీ, జెడ్పీటీసీలది 2024 జులైలో అయిపోయింది. మళ్లీ సర్పంచ్ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. అంటే 68 కోట్ల నిర్ణయం వచ్చిన నవంబర్ నెలల మన ఊర్లల్ల ఎన్నికైన సర్పంచ్ లేడు, మండల పరిషత్ లేదు, జిల్లా పరిషత్ లేదు. అంతా ప్రత్యేకాధికారుల పాలన. ఎవరో కుట్ర చేసిన్రని మేం అంటలేం. కానీ మన ఊరి ముఖం మార్చే నిర్ణయం మన ఊరి నోరు మూసి ఉన్న టైములో జరిగింది. ఇది చరిత్రలో రాసి పెట్టుకోవాల్సిన మాట.

సోమశిల సంగతి ఇంకోటి. శ్రీశైలం డ్యాం నీళ్లల్ల ఈ కృష్ణ ఒడ్డు ఊర్లు ఎన్నో మునిగినయి. 1981లో ఇండ్లు కూలగొట్టి మరీ ఖాళీ చేయించిన్రు. సోమశిల గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి మెట్టకు తెచ్చి మళ్లీ కట్టిన్రు. రాయికి పునరావాసం మంచిగనే దొరికింది. మనుషులకు దొరికిందా అన్నది ముంపు ఊర్ల పెద్దలను అడగండి, చెప్తరు. 2007 జనవరిలో ఆ ప్రాంతంలోనే కృష్ణ దాటుతుంటే పడవ మునిగి 60 మంది దాకా చనిపోయిన్రు. ఏరు దాటడం అక్కడి జనానికి విహారం కాదు, రోజు బతుకు. ఇప్పుడు అదే నీళ్ల మీద టూరిస్టుల లాంచీ నడుస్తున్నది. లాంచీ రావాలె, మంచిదే. కానీ పర్యాటకుడి కోసం పెట్టిన లైఫ్ జాకెట్ చేపలు పట్టేటాయనకు, అవతలి ఒడ్డుకు కూలికి పోయే అమ్మకు కూడా ఉండాలె గదా.

4. చట్టం ఏమంటది?

1996 పెసా చట్టం: ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ఊరి స్థాయిలో పంచాయతీ చేసే పథకాలను ముందు గ్రామసభ ఆమోదించాలె. వాటికి ఖర్చు పెట్టిన పైసలకు సర్టిఫికెట్ కూడా గ్రామసభే ఇయ్యాలె. అభివృద్ధి ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు సంప్రదించాలె. ఇక్కడ రెండు మెలికలు ఉన్నయి. ఒకటి, పెద్ద టూరిజం పనులు "పంచాయతీ చేసేవి కావు, శాఖ చేసేవి" అని తప్పించుకోవచ్చు. రెండు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో అమ్రాబాద్ వైపు కొన్ని ఊర్లే షెడ్యూల్ ప్రాంతం. వనపర్తి, గద్వాల తండాలకు పెసా వర్తించదు. అక్కడ మన ఆయుధం 2018 పంచాయతీరాజ్ చట్టం, గ్రామసభ, తీర్మానం.

2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి ప్రతి టైగర్ రిజర్వుకు ఒక ఫౌండేషన్ పెట్టాలన్నరు. దాని లక్ష్యాల్లో స్థానికులను కలుపుకొని ఎకో టూరిజం నడపాలె అని, రిజర్వులో ఉన్నోళ్ల అభివృద్ధి చూడాలె అని రాసి ఉంది. 2012లో వచ్చిన టైగర్ టూరిజం మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నయి: పర్యాటకం మీద వచ్చే రుసుం స్థానికుల జీవనోపాధికి ఉపయోగపడాలె. అంటే "మా వాటా ఏది" అని అడగడం బిచ్చం అడుక్కోవడం కాదు. రాసి ఉన్నదాన్ని గుర్తు చేయడమే.

మన తెలుగు నేల మీదనే ఇంకో ఉదాహరణ ఉంది. విశాఖ మన్యంలో బొర్రా పంచాయతీ దగ్గర మొదలైన గనుల గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి 1997లో సమత తీర్పు వచ్చింది. గనులు నడిపేటోళ్లు నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి పక్కన పెట్టాలె అన్నది ఆ తీర్పు. అది గనులకు చెప్పిన మాట, నిజమే. కానీ అందులో ఉన్న న్యాయం గేటు ఫీజుకు మాత్రం పనికి రాదా?

బయటి దేశాలు ఈ పని చేసి చూపించినయి. ఆస్ట్రేలియాలో ఉలురు అనే పెద్ద ఎర్ర కొండను 1985లో అక్కడి అనంగు ఆదివాసులకు తిరిగి అప్పగించిన్రు. వాళ్లు దాన్ని పార్కు కోసం 99 ఏండ్ల లీజుకు ఇచ్చిన్రు. ఏటా కిరాయి కాక, గేటు టికెట్టు పైసల్లో 25 శాతం వాళ్లకే. ఆ కొండ తమకు పవిత్రం, ఎక్కొద్దని వాళ్లు అడుగుతూ వచ్చిన్రు. 2019 నుంచి ఎక్కడం బంద్ అయింది. నేపాల్‌లో పార్కుల ఆదాయంలో 30 నుంచి 50 శాతం దాకా చుట్టూ ఉన్న ఊర్ల అభివృద్ధికి పోతది. నేపాల్ మనకన్నా పేద దేశం. పైసలు లేక కాదు, మనసు పెట్టాలె.

5. మనం ఏం చేద్దాం?

ఇప్పుడు ఊర్లల్ల కొత్త సర్పంచులు వచ్చిన్రు. 500 జనాభా దాటిన తండాలు పంచాయతీలు అయినయి, మనోళ్లే కుర్చీల మీద ఉన్నరు. ఇంటి పన్ను, నల్లా బిల్లు కట్టమని మన అమ్మానాన్నలను అడిగే పంచాయతీ, మన ఊరి పేరు మీద వచ్చే టూరిజం పైసల లెక్క కూడా అడగాలె. అందుకే నాలుగు ప్రశ్నలు రాసినం. వీటిని మీ భాషలో, మీ ఊరికి తగ్గట్టు మార్చుకొని గ్రామసభలో పెట్టండి:

ఒకటి. మా పంచాయతీ హద్దులో ఏ టూరిజం పనులు మంజూరైనయి, ఎంత ఖర్చయింది, ఏ దశలో ఉన్నయి?

రెండు. గేటు, పార్కింగు, సఫారీ, లాంచీ రుసుం ఏడాదికి ఎంత వసూలైంది? అందులో ఊరికి, పెంటలకు ఖర్చు పెట్టింది ఎంత?

మూడు. గైడు, డ్రైవరు, వంట, కాటేజీ పనుల్లో మా ఊరోళ్లు ఎంతమంది? ఇప్పుడు వాచర్లుగా, గైడ్లుగా చేసే చెంచు పిల్లలకు నెల నెలా జీతం అందుతున్నదా?

నాలుగు. సొంత దేవుని దగ్గరికి, సొంత పెంటకు పోయే స్థానికుల దగ్గర రుసుం తీసుకోమని రాసి ఇస్తరా?

నోటి మాటకు జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఊరి స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు అది కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. దరఖాస్తు రాయడం రాకపోతే గ్రూపులో అడగండి, సెలవు రోజు కూర్చొని మేం రాసి పెడ్తం.

2019లో యురేనియం తవ్వకాల ముచ్చట వచ్చినప్పుడు నల్లమల ఊర్లు, పెంటలు, తండాలు ఒక్కటిగా నిలబడ్డయి. ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీయే వద్దని తీర్మానం చేసింది. టూరిజం యురేనియం లెక్క విషం కాదు, దాన్ని ఆపమని మేం అనం. వచ్చేటోళ్లు రానీ, అడవిని చూసి సంతోషపడనీ. మన తాతలు వాళ్లకు దారి చూపి గౌరవంగా కూలి తీసుకున్నరు. మనమూ గౌరవంగానే మన వాటా, మన మాట అడుగుదాం. వచ్చే గ్రామసభ తారీఖు మీ ఊర్లో ఎప్పుడో కనుక్కొని కింద రాయండి.