నెమ్మదైన ఎద్దు కాడికి మెడ ఇవ్వకపోతే...

పిల్లలు తాకినా కదలని ఎద్దు కాడి చూడగానే వెనక్కి తగ్గుతోందా? అరక కట్టగానే పడుకుంటోందా? మొండికేసిందని ముల్లుకర్ర తీసుకోకండి. సాధువైన ఎద్దు ఉన్నట్టుండి పనికి రానంటే, చాలావరకు ఎక్కడో నొప్పి ఉన్నట్టే.

ముందుగా ఇవి చూడండి:

• మెడ: మూపురం ముందు, కాడి ఆనే చోట అరచేతితో నొక్కండి. వేడి, వాపు, పుండు ఉంటే అది చాలావరకు కాడి రాపిడి వల్లే. వానకు తడిసిన మెడకు ఇది త్వరగా వస్తుంది.

• కాళ్లు: గిట్టల మధ్య ముల్లు, రాయి, పుండు ఉన్నాయేమో చూడండి. నోటి నుంచి చొంగ కూడా కారుతుంటే గాలికుంటు కావచ్చు. వెంటనే మంద నుంచి వేరుగా కట్టండి.

• కొమ్ములు: తల ఒక పక్కకు వంచి విదిలిస్తున్నా, కొమ్ము మొదలు మెత్తబడినా కొమ్ము క్యాన్సర్ కావచ్చు. ఆలస్యం చేస్తే ఎద్దు దక్కదు.

ఏం చేయాలి?

కాడి దించి విశ్రాంతి ఇవ్వండి. కొత్త వాపుకు చన్నీటి గుడ్డ వేయండి. పుండును శుభ్రమైన నీటితో కడిగి, ఈగలు వాలకుండా చుట్టూ వేపనూనె రాయండి. వాతలు పెట్టవద్దు, వాపును కోయవద్దు. పశువైద్యునికి చూపించండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

తిరిగి కట్టేటప్పుడు

పుండు పూర్తిగా మానాలి. కాడిని నునుపు చేయించండి. జత ఎద్దులు సమాన ఎత్తులో ఉండాలి. మొదట చల్లపూట ఖాళీ కాడితో నాలుగడుగులు నడిపించి, నెమ్మదిగా ఉండగానే దించి మేత వేయండి. తర్వాత ఖాళీ బండి, చివరికి దుక్కి. నాలుగు రోజులు ఆగితే అరక ఆలస్యమవుతుంది; పుండు మీద కాడి వేస్తే సీజనంతా పోతుంది.