చాముండరాయలు చూడని పట్టణము

శ్రావణబెళగొళ కొండమీద నిలిచియున్న గొమటేశ్వరుని గూర్చి వినని శ్రోతలుండరు. 57 అడుగుల ఏకశిలావిగ్రహమది. గంగరాజుల మంత్రియు సేనానియు నగు చాముండరాయలు సుమారు 981లో దానిని నిలిపెను. అయితే ఆ విగ్రహము అక్కడ వెలయుటకు మన నిజామాబాదు జిల్లాలోని బోధను పట్టణము కారణమను కథ మనలో ఎందరికి తెలియును? ఆదితీర్థంకరుని పెద్దకుమారుడు భరతుడు, తన తమ్ముడు బాహుబలి రూపమును పౌదనపురమున 525 విండ్ల ఎత్తున నిలిపెనట. కాలము గడచి ఆ తావు అడవి పట్టినది. విగ్రహము చుట్టును కుక్కుటసర్పములు చేరినవి. దర్శనమునకు బయలుదేరిన చాముండరాయలతో పెద్దలు, ఆ ఊరు దూరము, దారి దుర్గమము, పోరాదనిరి. పోలేక ఆయన బెళగొళలోనే మరియొక విగ్రహమును చెక్కించెను. సుమారు 1180లో బొప్పణకవి వ్రాసిన బెళగొళ శాసనములో ఈ పౌదనపుర వృత్తాంతమున్నది. చూడవలెనని పట్టుపట్టినది చాముండరాయల తల్లి యని తరువాతి కథలు చెప్పును. తల్లి పట్టుపట్టినదన్న మాటయే మాకు నమ్మదగినదిగా తోచును.

ఆ పౌదనపురమే నేటి బోధను అని పెక్కుమంది పండితుల అభిప్రాయము. అనగా, వేయేండ్ల క్రిందటనే శిథిలమును అడవియు నొక్కటైన చోటుగా ఈ ఊరికి పేరు వచ్చినదన్నమాట.

చాముండరాయలు పోలేని ఊరికి మేము మొన్నటి మాఘమాసములో పోతిమి. మేమనగా ఈ వ్యాసకర్త, ధ్వనిముద్రణ చేయు మిత్రుడు, బండి నడుపు మనిషి. పాతకట్టడములను, అభయారణ్యమును చూచుటయు, వినిపింపదగిన చప్పుళ్ళు కొన్ని పట్టి తెచ్చుటయు మా పని.

బయలుదేరుటకు ముందు నిజామాబాదులో ఖిల్లాగుట్ట ఎక్కితిమి. ఈ ఊరి పాతపేరు ఇందూరు. ఇంద్రుడను రాష్ట్రకూటరాజు పేర వెలసినదని స్థలపురాణము. 1905లో నిజామాబాదైనది. కోటలో రాములవారి గుడి యున్నది. నిజాము కాలములో ఇచ్చటనే చెరసాలయు నుండెను. 1948లో దాశరథి కృష్ణమాచార్యులును వట్టికోట ఆళ్వారుస్వామియు ఇచ్చట బందీలుగా నుండిరి. దాశరథి బొగ్గుముక్కతో గోడమీద పద్యములు వ్రాసెను. మా మిత్రుడు ఆ గోడవద్ద యంత్రము తెరచి, కొంతసేపు గాలిచప్పుడు పట్టి, మరల మూసివేసెను. ఎందుకని మేమడుగలేదు.

నిజామాబాదునుండి బోధనుకు పడమటగా పాతిక కిలోమీటర్లకు కొంచెము హెచ్చు. దారిలో కుక్కుటసర్పములు ఎదురుకాలేదు. ఎదురైనవి వరినాట్లు. ఒకప్పుడు ఈ దారి పొడవున చెరకు బండ్లే యుండెడివని మా బండివాడు చెప్పెను. ఇప్పుడు చెరకుతోట ఒకటి కనబడినచో వ్రేలు పెట్టి చూపవలసి వచ్చుచున్నది.

బోధను ప్రాచీనత నిన్న మొన్నటిది కాదు. బౌద్ధుల అంగుత్తరనికాయము లెక్కించిన పదునారు మహాజనపదములలో దక్షిణాపథమునకు చెందినది అస్సక మొక్కటే. సంస్కృతములో అది అశ్మకము. దాని రాజధాని పోతన, లేక పోతలి. గౌతమీపుత్ర శాతకర్ణి ఏలిన దేశములలో ఈ పేరును నాసికు శాసనము చెప్పుచున్నది. పోతన, పౌదన్యపురము, బోధను అను పేరుల వరుసను అంగీకరింపనివారును కొందరు కలరు గాని, మధ్యయుగమునకు వచ్చుసరికి ఆ సందేహము తీరిపోవును. వేములవాడ చాళుక్యులు మొదట ఏలినది ఈ బోధనునుండియే. వారి పూర్వుడు యుద్ధమల్లుడు ఇచ్చట బావి నిండ నూనె పోయించి ఏనుగులకు స్నానము చేయించెనని ఆ వంశపు ప్రశస్తులు కొనియాడుచున్నవి. ఏనుగుల సంగతి యటుంచి, అంత నూనె పిండుటకు ఎన్ని గానుగలు తిరిగినవో, ఎన్ని ఊళ్ళ నువ్వులు వచ్చినవోయని మాకు ఆలోచన కలిగెను. రాజు వైభవమును చెప్పుటకు వ్రాసిన ఆ మాట, ఈ నేల పంటను గూర్చియు సాక్ష్యము పలుకుచున్నది. ఆ వంశమువాడే రెండవ అరికేసరి. ఆయన ఆస్థానములోనే పంపకవి 941లో విక్రమార్జునవిజయమును రచించెను.

ఇంతటి ఊరిలో చూచుటకు నిలిచినదేది? దేవల్ మసీదు. నక్షత్రాకారముగ కట్టిన కట్టడము. లోపల చెక్కడపు స్తంభములు వరుసలు తీరియున్నవి. కప్పుమీద చిన్న చిన్న గుమ్మటములు. బోధనులో దొరికిన 1056 నాటి త్రైలోక్యమల్ల సోమేశ్వరుని శాసనము, రాష్ట్రకూట ఇంద్రుని కాలపు ఇంద్రనారాయణాలయము నొకదానిని పేర్కొనుచున్నది. ఆ గుడియే ఇదియని కొందరు, కాదు, మొదట జైనాలయమని కొందరు. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇసామీ చెప్పినదానినిబట్టి, 1323లో ఓరుగల్లుమీదికి దండెత్తివచ్చిన ఉలుఘ్ ఖాను దారిలో బోధను కోటను పట్టుకొనెను. అతడే పిమ్మట ఢిల్లీ సింహాసన మెక్కిన మహమ్మదు బిన్ తుగ్లకు. ఆతని కాలములోనే ఈ కట్టడము మసీదైనది. పేరు మాత్రము రెండు కాలములను విడువలేదు. దేవలమనగా గుడి, మసీదు మసీదే. ఏ స్తంభము ముందు నిలిచినను, చెక్కిన శిల్పి యొకడు, దానినే మరల నిలిపి కప్పు వేసిన తాపీవాడొకడు, ఇద్దరి చేతిపనియు మనకు కనబడును. ఇద్దరి పేరులును మనకు తెలియవు.

ఊరిలో రాకాసిపేట యను వాడ యొకటి యున్నది. బకాసురుడున్న ఏకచక్రపురము తమ ఊరేనని బోధనువారి నమ్మకము. భీముడు బండి నిండ అన్నముతో పోయిన దారిని చూపుటకు ఇద్దరు పిల్లలు మాకు తోడు వచ్చిరి. ఇద్దరును చెరియొక దారి చూపిరి.

చౌరస్తాలోని హోటలులో చాయ త్రాగుచుండగా ఒక యువకుడు మమ్ము పలుకరించెను. నాలుగేండ్లు గల్ఫులో పనిచేసి సెలవుమీద వచ్చినవాడు. ఈ జిల్లాలో అట్టివారులేని ఊరు లేదు. మా పని యేమో విని యాతడు ఇట్లనెను: “సారూ, అల్ ఐన్ల గుట్ట కింద ఐదువేల యేండ్లనాటి రాతిగోరీలున్నయి. ఓ శుక్రారం పొయ్యి చూసొచ్చిన. సుట్టు ఇసుక తప్ప ఏం లేదు. అయినగాని మంచిగ కాపాడుకుంటున్నరు. నా తోని పనిజేసే పరదేశపాయన, మీ ఊళ్ళె ఏమున్నదని అడిగిండు. బోధన్ల ఏమున్నదని చెప్పాలె సారూ?”

ఆతడు చెప్పినవి జబల్ హఫీత్ కొండ దిగువనున్న సమాధులు. అల్ ఐన్ పరిసరముల ప్రాచీనస్థలములు 2011లో ప్రపంచవారసత్వపు పట్టికలో చేరినవి. ఆతని ప్రశ్నకు అప్పటికప్పుడు మేము చెప్పిన జవాబు మాకే రుచింపలేదు. తరువాత దారిలో ఆలోచించితిమి.

ఎడారిలో శిథిలము నిలుచుటకు కారణము అక్కడ మనుష్యుడు మిగులకపోవుటయే. యెమెనులోని మారిబు ఆనకట్టను తలచుకొనుడు. షెబా రాజ్యమునకు ప్రాణమైన ఆ కట్ట 6వ శతాబ్దములో చివరిసారిగా తెగినది. నీరు పోయెను, జనము చెదరిరి. తరువాత దున్నినవారు లేక, రాళ్ళు పెరుకుకొని పోవువారు తక్కువై, దాని మదుములు నేటికిని నిలిచియున్నవి. మన నేల కథ వేరు. అశ్మకమన్న పేరులోనే రాయి యున్నది. వానలు తప్పినచో ఇదియు ఎండిన నేలయే. కాని ఇచ్చట జనము ఊరు విడిచి పోలేదు. పాతగోడ కూలినచో ఆ రాయి కొత్తగోడకు పునాది యగును. విగ్రహము పొలములో దొరకినచో చెట్టు క్రింద చేర్చి పసుపు పూయుదురు. ఇరువదియైదు వందల యేండ్లు ఎడతెగక కాపురమున్న ఊరికి చూపుటకు దిబ్బ లుండవు. ఆ యువకుడు తాను కాపురముండు ఇంటినే చూపవలసి యుండునేమో.

ఇక నీరు. మంజీరానదిమీద అచ్చంపేటవద్ద 1923లో మొదలుపెట్టి 1931లో నిజాంసాగరమును పూర్తిచేసిరి. కట్టించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. ఆయన పుట్టినరోజగు జూలై 11ను తెలంగాణములో ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు. రెండులక్షల డెబ్బదియైదువేల ఎకరములు తడుపుటకు ఉద్దేశించిన జలాశయమిది. కాలువ వచ్చినంతనే కోస్తాజిల్లాల రైతులు వచ్చి భూములు కొనిరి. వారు దిగిన చోట్ల పేరుల చివర నేటికిని క్యాంపు అను మాట నిలిచియున్నది. నీరు చెరకును తెచ్చెను. చెరకు కార్ఖానాను తెచ్చెను. 1937లో బోధనులో నిజాము షుగరు ఫ్యాక్టరీని స్థాపించిరి. వేలాది ఎకరముల సొంత తోటలు, కాలనీలు, బడి, ఆసుపత్రి చుట్టును వెలసినవి. దానికి శక్కర్‌నగర్ అని పేరు పెట్టిరి. ఆసియాఖండములోనే పెద్ద చక్కెర కర్మాగారమని ఒకప్పుడు దానిని గూర్చి బడిపిల్లలు వ్యాసములు వ్రాసెడివారు. మేమును వ్రాసితిమి. 2002లో దానిలో అధికభాగము ప్రైవేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరులో గానుగ ఆగిపోయెను. 2024 మొదట దానిని తిరిగి తెరచు విషయము పరిశీలించుటకు ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది.

మేము శక్కర్‌నగరు చేరునప్పటికి మధ్యాహ్నము రెండుగంటలు. గేటు బయట వేపచెట్టు క్రింద కూర్చున్న ఒక పెద్దాయన తాను ముప్పదియేండ్లు ఇందులో పనిచేసితినని చెప్పెను. “తాతా, ఇక్కడ మీకు ఎక్కువ గుర్తుండిపోయిన చప్పుడేది?” యని మా మిత్రుడు యంత్రము ముందు పెట్టి అడిగెను. “సైరనే సారూ. ఇంకేముంటది? అది కూస్తే బోధనంత టైము తెలుస్తుండె. ఆడోళ్ళు పొయ్యి అంటుబెట్టేది గా కూత విన్నంకనే. మా మనుమడు పుట్టిన గడియ గుడ రెండో సైరన్ లెక్కనే రాయించినం.” ఇప్పుడెట్లని అడుగగా, “ఇప్పుడు సెల్‌ఫోన్ల చూసుకుంటరు” అని నవ్వెను. కాసేపటికి, నవ్వు మాని, “చెరకు గాలి వాసన గుడ పోయింది” అనెను.

గోడల పగుళ్ళలో రావిమొక్కలు మొలచియున్నవి. పొగగొట్టము చుట్టును గువ్వలు తిరుగుచుండెను. దేవల్ మసీదునకును ఈ కార్ఖానాకును నడుమ తేడా ఏమని మేము తర్కించుకొంటిమి. అది వేయేండ్లనాటిది గనుక బోర్డు పెట్టి కాపాడుదురు. ఇది నిన్నటిది గనుక ఇనుము తూకమునకు పోవును. నడిపింపగలిగినచో నడుపుట మేలు. ఆ సంగతి తేల్చవలసినవారు వేరు. కాని నడిపినను నడుపకున్నను, ఇందలి పాత దస్తావేజులు, కూలీల హాజరు పుస్తకములు, మొదటి గానుగల నమూనాలు చెదలపాలు కాకుండ ఒక గదిలో చేర్చుటకు ఎవరి అనుమతియు అంత కష్టము కాదని మా యభిప్రాయము. యుద్ధమల్లుని నూనెబావి గూర్చి ప్రశస్తిలో ఒకమాట మిగిలినది గనుక మనము గానుగలవరకు ఊహింపగలిగితిమి. శక్కర్‌నగరు గానుగల గూర్చి ఆ పెద్దాయన తరమువారు పోయినపిదప ఊహించువారికి ఆ ఒకమాటయైన ఉండవలదా?

బాన్సువాడమీదుగ నిజాంసాగరము చూచి, ఎల్లారెడ్డి దాటి పోచారము చేరితిమి. సాగరమును గూర్చి ఒక్కమాట. 29 టి.యం.సి.లకు పైబడి పట్టుటకు కట్టిన ఆ జలాశయములో పూడిక చేరి, తలుపులు ఎత్తు పెంచిన పిదప గూడ పట్టునది 17.8 మాత్రమే. నీటిక్రిందను శిథిలము పెరుగునని మాకు అచ్చట తెలిసినది.

పోచారము చెరువు 1922 నాటికి ఆలేరువాగుమీద పూర్తియైనది. చుట్టునున్న అడవి నిజాముల వేటచోటు. 1952లో దానిని అభయారణ్యముగ ప్రకటించిరి. నేటికి సుమారు 130 చదరపు కిలోమీటర్లు, మెదకు, కామారెడ్డి జిల్లాల నడుమ. చిరుతలు, ఎలుగులు, నీలుగాయలు, నాలుగు కొమ్ముల జింకలు ఇందున్నవి. తుపాకులు పట్టిన అడవిలోనే తుపాకి తేరాదని గీత గీచిరి. గీచినది మొదలు అడవి నిలిచినది. మాఘములో చెరువున పట్టెతల బాతులుండును. హిమాలయములను దాటి వచ్చు పక్షులవి. సాయంకాలము నీటియంచున అవి లేచునప్పుడు ఆ రెక్కల చప్పుడును మా మిత్రుడు పావుగంటసేపు పట్టెను. కావలిమనిషి ఊపిరి బిగబట్టి నిలుచుండెను, తన ఊపిరి గూడ అందులో వినబడునేమోయని.

మరునాడు కేంద్రమునకు వచ్చి ముద్రణలు వింటిమి. ఒకదానిలో గువ్వల కువకువలు, ఆకుల గలగల, దూరమున ఏదో కుక్క. పోచారముదని వ్రాసిపెట్టబోయితిమి. మా మిత్రుడు వారించి, చెవులకు గొట్టములు తగిలించుకొని మరల విని, చీటీమీద శక్కర్‌నగరు అని వ్రాసెను.