వార్ధక్యమున స్థూలకాయము, మోకాళ్ళ నొప్పి

అరువదేండ్లు దాటినవారిలో శరీరభారము మితిమీరినప్పుడు, మూడు మాసములకు మించి వదలక బాధించు నొప్పియు, నడక, లేచుట, మెట్లెక్కుట మున్నగు పనులయందు అశక్తతయు తఱచుగా దానిని వెన్నంటి వచ్చును. బరువు మోకాలిని నొప్పింపగా, నొప్పికి వెఱచి మనిషి మంచమునో కుర్చీనో ఆశ్రయించును. కదలిక తగ్గిన దేహమున కండ క్షీణించి, క్రొవ్వు పెరిగి, ఆ బరువే మఱల నొప్పిని హెచ్చించును. ఈ చక్రము మిక్కిలి స్పష్టముగా గోచరించునది ఆస్టియోఆర్థరైటిస్ అను మోకాలి కీళ్ళ అరుగుదలయందు.

నడచునప్పుడు మోకాలిపై బడు బలము దేహభారమునకు రెండు మూడు రెట్లుండును. దేహమున ఒక కిలో తగ్గినచో అడుగడుగునకు ఆ కీలుపై నాలుగు కిలోల భారము తగ్గునని అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో లెక్క తేల్చిరి. అయినను భారమొక్కటే కారణమనరాదు. దేహమును మోయని చేతివ్రేళ్ళ కీళ్ళయందును ఈ వ్యాధి స్థూలకాయులకు అధికముగా కానవచ్చుచుండుటచే, క్రొవ్వు కణజాలము రక్తములోనికి విడుచు లెప్టిన్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి ద్రవ్యములు సైతము మృదులాస్థికి కీడు చేయునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. బరువు తగ్గించుకొన్నచో ఈ రెండు కారణములును తగ్గును గనుక 'గుజ్జు అరిగిపోయినది, ఇంక చేయునదేమున్నది' అని మన యిండ్లలో పెద్దలు నిరాశ చేసికొనుటకు శాస్త్రాధారము లేదు.

దేహశక్తిని కొలుచుటకు వైద్యులు నిలుకడను, నాలుగు మీటర్ల నడకను, చేతుల ఊత లేకుండ కుర్చీనుండి ఐదుమార్లు లేచుటను పరీక్షించి, మొత్తమును 12 మార్కులకు లెక్కింతురు. నేలమీదినుండి లేచుట ఇందు చేరలేదు. పీటపై భోజనమునకును, నేలపై పూజకును, గొంతుకూర్చుండి చేయు పనులకును అలవాటుపడిన తెలుగు గృహములలో వంగని మోకాలు మనిషిని పంక్తినుండి, దేవునిగదినుండి, కడకు మరుగుదొడ్డినుండి సైతము దూరము చేయును గనుక, మన వైద్యులు ఈ సంగతిని ప్రత్యేకముగా అడిగి తెలిసికొనుట అత్యావశ్యకము.

చికిత్స విషయమున 2011లో వెలువడిన యొక అమెరికా అధ్యయనము ముఖ్యమైనది. అరువదియైదేండ్లు నిండిన 107 మంది స్థూలకాయులను ఒక సంవత్సరము పరిశీలింపగా, దేహశక్తి పరీక్షలలో వ్యాయామము మాత్రమే చేసినవారు 15 శాతము, ఆహారము మాత్రమే తగ్గించినవారు 12 శాతము, రెండును పాటించినవారు 21 శాతము మెరుగుపడిరి. కేవలము నోరు కట్టుకొన్నవారికి క్రొవ్వుతోపాటు కండయు, తుంటి యెముక సాంద్రతయు ఎక్కువగా తగ్గినవి. వృద్ధులకు ఉపవాసములు మాత్రమే విధించి బరువు తగ్గింపజూచుట ఇందువలననే ప్రమాదకరము. తగినంత మాంసకృత్తులుగల ఆహారమును, కండకు బలమిచ్చు వ్యాయామమును దానికి తోడు కావలెను.

నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేక నెలల తరబడి వాడుటచే వృద్ధుల జీర్ణాశయమునకును మూత్రపిండములకును హాని కలుగును. నొప్పి యున్నదని కదలికను పూర్తిగా మాన్పింపక, ఓర్వగలిగినంత నడకను, కూర్చుండియే తొడకండరములను బిగించు వ్యాయామమును ఇంటివారు దగ్గరుండి చేయింపవలెను. ఏ ప్రయత్నమును లేకయే పెద్దల బరువు తగ్గిపోవుచున్నచో దానిని మేలని యెంచక వెంటనే వైద్యునికి చూపింపవలెను.